మిగిలిన సగం గుడ్డు

మార్చి 6

ముఖంలో రోజూ ఏ మార్పు కనిపిస్తే అది రాసిపెట్టమన్నాడు డాక్టరు. మార్పేమీ లేదు. రాయడం అయిపోయింది.

మార్చి 7

మార్పు లేదు.

మార్చి 8

ఈ పుస్తకం డాక్టరుకి చూపించను. ఆయనకు కావాలంటే వేరే కాగితం మీద "మార్పు లేదు" అని రాసిస్తాను. ఇది నాకు.

సోమవారం పార్లర్‌లో టీ తాగుతుంటే సగం టీ గడ్డం మీదుగా ఏప్రన్‌లోకి కారింది. కప్పు పగిలిందేమో అని తిప్పి చూశాను. కప్పు బాగానే ఉంది. తలెత్తి అద్దంలో చూస్తే ఎడమ పక్క ముఖం నాది కాదు. కనుబొమ్మ కిందికి జారింది, రెప్ప మూతపడదు, పెదవి మూల వేలాడుతోంది. మా పార్లర్‌లో నాలుగు గోడలకూ అద్దాలే. ఎటు తిరిగినా అదే ముఖం ఎదురొచ్చింది. కుర్చీలో ఉన్నావిడ జుట్టుకి రంగు సగమే పట్టించాను, ఆవిణ్ణి అలాగే వదిలేసి బయటపడ్డాను. మిగతా సగం పెద్దక్క పూర్తి చేసిందట. పెద్దక్క అంటే మా పార్లర్ ఓనరు. నాకు సొంత అక్కేం కాదు, అక్కడ పనిచేసే అందరికీ పెద్దక్కే.

ముఖం నరం వాచిందట. ఎందుకు వాచిందో చెప్పలేరట. చాలామందికి మెల్లగా తిరిగి వచ్చేస్తుందట, కొందరికి కాస్త వంకర ఉండిపోతుందట. నేను చాలామందిలోనా, కొందరిలోనా అని అడిగితే డాక్టరు నవ్వాడు. రెండు పక్కలా నవ్వాడు.

ఇరవయ్యేళ్ళకు పైగా జనం ముఖాలు బాగుచేస్తున్నదాన్ని. వంకర ముఖం బ్యూటీషియన్ చేతికి తన ముఖం ఎవరిస్తారు? నేనైతే ఇవ్వను.

మార్చి 10

ఇవాళ్టి భోజనం: బంగాళాదుంప ఉడికించి, మెదిపి, పాలు పోసి మరిగించిన సూపు. చెంచా కుడి పక్క నుంచి పోవాలి. ఎడమ పెదవిని వేలితో ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే బట్టలకు కూడా భోజనం పెట్టినట్టే. సింకు దగ్గర నిలబడే తిన్నాను. నాలుకలో సగానికి రుచి కూడా తెలియడం లేదు. ఉప్పు సరిపోయిందా అంటే కుడి పక్క ఔనంటుంది, ఎడమ పక్క ఉలకదు పలకదు.

ఇంతకు ముందూ ఇంట్లో ఒక్కదాన్నే. పెళ్ళి చేసుకునే తీరిక దొరకలేదని అందరికీ చెప్తుంటాను, అది నిజమే కూడా. కానీ మధ్యాహ్నం మాత్రం పార్లర్ వెనక గదిలో అందరం డబ్బాలు విప్పుకుని, ఒకరి డబ్బాలో ఒకరం చెంచాలు పెట్టి, పొద్దుటి నుంచి వచ్చిన కస్టమర్లందర్నీ ఒక వాయి వాయించుకుంటూ తినేవాళ్ళం. నేను మనసుపెట్టి తినేది ఆ ఒక్క పూటే. మిగతా పూటలు గుడ్డుతో గడిచిపోయేవి.

వాళ్ళ ముందు ఇలా తినలేను. అంతే. ఇంకేం బాధ లేదు.

మార్చి 13

చెల్లి ఒవెన్ పంపింది. ముఖం వంకరపోతే ఒవెన్ పంపే చెల్లెలు ప్రపంచంలో నాకొక్కదానికే ఉంటుంది. వీడియో కాల్ చేయమని రోజూ ప్రాణం తీస్తోంది. మామూలు కాల్ చేశాను. ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుందట, చేతులకు పని ఉండాలట, అందుకని పిండి పిసకాలట. నా చేతులకు పని లేదని దానికెవరు చెప్పారు?

బ్రెడ్డు అనబోయి ఆగిపోయాను. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవాలి, నావి కలవడం లేదు. రొట్టె అన్నాను. అది మాత్రం చక్కగా పలికింది.

మార్చి 15

మొదటి రొట్టె. ఈస్టు కలిపే నీళ్ళు గోరువెచ్చగా ఉండాలని రాసుంది. గోరువెచ్చన అంటే నాకు తెలిసింది పెడిక్యూర్ టబ్బు వేడి. పాపం ఈస్టు అందులోనే చచ్చిపోయింది. పిండి పొంగలేదు, అయినా మొండికేసి కాల్చాను. కాలి మడమలు రుద్దుకునే రాయి వచ్చింది. ఆ పనికైనా వాడుకోవచ్చని పారేయలేదు.

పిసకడం మాత్రం బాగుంది. చేతులు వాటంతటవే ఫేషియల్ చేసినట్టే చేశాయి. మధ్య నుంచి బయటికి, కింద నుంచి పైకి, చివరికి చెవుల దాకా. పిండికి చెవులెక్కడివి? కాసేపటికి ముద్ద నున్నగా, మెత్తగా అయింది. నేను ముట్టుకున్న ముఖాల్లో ఏ ఒక్కటీ ఇంత మాట వినలేదు.

మార్చి 18

రెండో రొట్టె. ఈసారి పొంగింది.

కిటికీ తీసి ఉంచాను, వాసన మెట్ల మీదికి పోయినట్టుంది. ఎదురు వాటా ఆయన తలుపు కొట్టాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, మేడలో అందరూ టికెట్ బాబాయ్ అంటారు. ఆయన కూడా ఒక్కడే. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని తలుపు సగం తీశాను. బాబాయ్ అని పిలిస్తే "వావాయ్" అని వచ్చింది. ఆయన నవ్వలేదు, ఏమైందమ్మా అనలేదు, కొంగు వైపు చూడనైనా లేదు. ఆ వాసనకు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయని, ఒక ముక్క ఇటు పడేయమని అడిగాడు.

గుమ్మంలో నిలబడే తిన్నాడు. నిదానంగా నమిలాడు. ఎలా ఉందని చేత్తో సైగ చేశాను.

"ఉప్పు ఉందమ్మా" అన్నాడు. "అందులో రొట్టె కూడా కాస్త ఉంది."

ఒళ్ళు మండిపోయి తలుపు వేసేశాను. వేశాక నవ్వొచ్చింది. వచ్చినంత మేరకు నవ్వాను.

మార్చి 20

పెద్దక్క ఫోన్. ఆవిడకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు. కిటికీ పక్కన నా కుర్చీ ఏప్రిల్ చివరిదాకా నాదేనంది, అందాకా ఈమధ్యే చేరిన కొత్తమ్మాయి దాన్ని వాడుకుంటుందట. మే ఒకటిన నేను వస్తే సరే, రాకపోతే కొత్తమ్మాయికే ఇచ్చేస్తుంది, అటుపైన నేనెప్పుడొచ్చినా ఉన్నచోట సర్దుకోవాలి. వంకర ముఖంతో ఎలా రాను అన్నాను. నాకు కావలసింది నీ చేతులే, ముఖం కాదు అంది.

చేతులు ముఖంతో కలిసే వస్తాయి కదా పెద్దక్కా.

అది అనలేదు. ఆలోచిస్తాను అన్నాను.

మార్చి 22

కేకు. ఒక్కరికి సరిపడా కప్పు కేకుకి సగం గుడ్డు చాలట. గుడ్డును గిలక్కొట్టి సగం కేకులో పోశాను. మిగిలిన సగం గిన్నెలో నన్నే చూస్తోంది. ఫ్రిజ్‌లో పెడితే రేపటికి ఎండిపోతుంది, పారేయడానికి మనసొప్పదు, ఆమ్లెట్‌కి చాలదు.

ముఖానికి రాసుకున్నాను.

ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. గుడ్డు, తేనె, పెరుగు అంటూ వంటింట్లో ముఖం బాగుచేసుకుంటామనే వాళ్ళను చూస్తే నాకు మొదటి నుంచీ కంపరం. కానీ ఆరాక ఒక చిత్రం జరిగింది. గుడ్డు బిగుసుకుని ఎడమ చెంపను పైకి లాగింది. పెదవి మూల కూడా కాస్త లేచింది. చేతి అద్దంలో చూసుకున్నాను. కేకు కాలేంతసేపు నా ముఖం సమంగా ఉంది. కదలకుండా, మాట్లాడకుండా, ఊపిరి కూడా చూసి చూసి పీల్చుకుంటూ కూర్చున్నాను.

టైమర్ మోగింది. ఉలిక్కిపడ్డాను. గుడ్డు పూత పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

కేకు బాగుంది. చెంచాతో తిన్నాను, ఈసారి కూర్చుని.

మార్చి 23

సగం గుడ్డు కేకుకి, సగం గుడ్డు ముఖానికి.

మార్చి 24

సగం గుడ్డు, సగం గుడ్డు.

మార్చి 26

తేనెలో కాఫీ పొడి కలిపి రుద్దాను, రక్తం బాగా ఆడుతుందని. ఆడిందో లేదో తెలియదు, కంట్లో పడి మాత్రం గంతులేయించింది. రెప్ప మూసుకోని కంట్లో కాఫీ పొడి పోసుకునే బ్యూటీషియన్‌ని లైసెన్స్ లాక్కుని తరమాలి.

మార్చి 27

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. వెళ్ళలేదు. వర్షం.

మార్చి 28

వెళ్ళలేదు. ఎండ.

మార్చి 29

దాల్చినచెక్క పొడి నరాన్ని వేడెక్కిస్తుందని ఒక వీడియోలో చెప్పారు. చెంప టమాటాలా అయింది. చల్లని గుడ్డ వేసుకుని కూర్చున్నాను. చెల్లికి చెప్పలేదు. అది ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే విశ్రాంతి తీసుకుంటున్నానన్నాను.

ఇక నా చేతకానివి మానేస్తున్నాను. నా చేతనైనది చేస్తాను. ఎడమ కనుబొమ్మ కుడిదాని కన్నా బాగా కిందికి వాలి ఉంది. ఇది నరంతో తేల్చుకోవాల్సిన పని కాదు, ప్లక్కర్‌తో అయ్యే పని. కింది వరస వెంట్రుకలు పీకేసి, పైన పెన్సిల్‌తో గీస్తే కుడిదానికి జోడీ అవుతుంది. కస్టమర్లకు పుట్టుకతో వచ్చిన తేడాలే సరిచేశాను, ఇదెంత.

బాత్రూంలో పెద్దద్దం మీద తువ్వాలు వేసి చాలా రోజులైంది. గోడ చెమ్మకు అద్దం పాడవుతుందని వేశాను. పౌడరు డబ్బా అద్దంలో ఒక్కో కనుబొమ్మే కనిపిస్తుంది, అదే నయం. పని మీద దృష్టి ఉంటుంది.

చేశాను. జోడీ కుదిరింది. చెయ్యి ఎక్కడికీ పోలేదు.

ఏప్రిల్ 3

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెడకున్న స్కార్ఫు నోటి దాకా లాక్కుని పార్లర్ దాకా వెళ్ళాను. లోపలికి వెళ్దామనే వెళ్ళాను. గాజు తలుపులోంచి చూస్తే కొత్తమ్మాయి నా కుర్చీ వెనక నిలబడి ఎవరికో జుట్టు దువ్వుతోంది. కిటికీలోంచి వెలుగు దాని చెంప మీద పడుతోంది. దాని చెంప మీద పడ్డ వెలుగు జారిపోయేంత నునుపు. అది ఏదో చెప్పి నవ్వింది, కస్టమర్ నవ్వింది, అద్దాల్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

తిరిగి వచ్చేశాను. ఏడ్చాను. ఎడమ కన్ను ఎలాగూ పొద్దస్తమానం కారుతూనే ఉంటుంది, ఇవాళ కుడిది తోడైంది.

నాకు నా కుర్చీ కావాలి. ఇక్కడ తప్ప ఎవరి దగ్గరా ఈ మాట అనను.

ఏప్రిల్ 4

రొట్టె లేదు. ఉడికించిన గుడ్డు, అరటిపండు.

ఏప్రిల్ 8

టికెట్ బాబాయ్‌కి రోజూ ఒక ముక్క ఇవ్వడం అలవాటైంది. నాకు ఉప్పు తెలియదు కాబట్టి ఆయన నాలుకే నాకు దిక్కు. ఆయన తీర్పులు: సోమవారం, సముద్రం. మంగళవారం, చెరువు. ఇవాళ ఇంకొంచెం వేసుకోవచ్చన్నాడు. ఈ మనిషి ఇన్నేళ్ళు బస్సులో ప్రయాణికుల్ని ఎలా ఏడిపించాడో ఊహించగలను.

తనకు వంట ఏమొచ్చని అడిగాను. అన్నం, గుడ్డు, పొయ్యి కట్టేయడం అన్నాడు. భార్య పోయాక ఒకరికి వండటం చేతకాక రోజూ ఇద్దరికి వండి, రెండు పూటలా అదే తినేవాడట. ఇప్పుడు కుదిరిందా అంటే, ఇప్పుడు ఒకరికి వండి ఇంకొకరి ఇంట్లో రొట్టె తింటున్నానన్నాడు.

ఏప్రిల్ 12

మెత్తటి రొట్టె! లోపల దూదిలా, పైన కరకరలాడుతూ. ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాడు బాబాయ్, ఈయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నేను కూడా తిని చూశాను. నిజంగానే సరిపోయినట్టుంది. చెంచా మార్చాను కదా, ఆ పాత చెంచా కొలత తప్పు.

ఏప్రిల్ 14

ఇవాళా ఉప్పు సరిపోయింది. చెంచాదే మహిమ.

ఏప్రిల్ 16

కొత్త సబ్బు చాలా మంచిది. ముఖం కడుక్కుంటే ఎడమ కన్ను మండలేదు. ఇన్నాళ్ళూ ఆ పాత సబ్బుతో కళ్ళు పోగొట్టుకున్నాను. పార్లర్‌లో కూడా ఇదే వాడమని పెద్దక్కకు చెప్పాలి.

చెప్పనులే. ఎక్కడ కలుస్తాను ఆవిణ్ణి.

ఏప్రిల్ 20

కనుబొమ్మ చెడగొట్టాను.

పొద్దున పౌడరు డబ్బా అద్దంలో చూస్తే ఎడమది ఎక్కడికో పైకి పోయి ఉంది. కుడిది చూశాను, మళ్ళీ ఎడమది చూశాను. వేలు పెట్టి కొలిచాను. వేలి మందం తేడా! ముఖంలో ఆ సగం ఏదో ఘోరం విని నోరెళ్ళబెట్టినట్టుంది. కింది వరస ఎక్కువ పీకేశాను. ఎప్పుడు పీకానో, ఎలా పీకానో. అప్పుడు కుదిరిందనుకున్న జోడీ అసలు కుదరనే లేదన్నమాట. ఇన్నాళ్ళూ ఇదే ముఖంతో బాబాయ్‌కి రొట్టెలిచ్చాను.

పైన గీసిన పెన్సిల్ గీత చెరిపేశాను. అయినా ఎత్తుగానే ఉంది.

ఏప్రిల్ 21

పై వరస కొంచెం పీకితే కిందికి వస్తుందనుకున్నాను. సన్నబడింది కానీ కిందికి రాలేదు. ఇక ముట్టుకోను.

ఏప్రిల్ 22

నేను పని నేర్చుకున్న మొదటి ఏడాది కూడా ఎవరి కనుబొమ్మా పాడుచేయలేదు. ఒక్కటంటే ఒక్కటి. చీకట్లో పెట్టినా చేసేదాన్ని. ముఖం పోతే పోయింది, చేతులున్నాయని పెద్దక్క అంది, నేనూ పైకి ఒప్పుకోలేదు గానీ లోపల దాన్నే పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు చేతులు కూడా పోయాయి.

రొట్టె పిసకలేదు. భయం వేసింది. ఇది కూడా చెడగొడితే?

ఏప్రిల్ 23

వంకర నోటితో బతకొచ్చు. ఈ కనుబొమ్మతో మాత్రం బతకలేను. నోరు దేవుడు చేసిన తప్పు, ఇది నేను చేసిన తప్పు, చూసిన ప్రతివాళ్ళకీ ఎవరి పనో తెలిసిపోతుంది. పొద్దున్నే, పార్లర్ తెరవకముందే వెళ్ళాను. పెద్దక్క షట్టర్ ఎత్తుతోంది. నన్ను చూసి షట్టర్ సగంలో వదిలేసింది.

నేను స్కార్ఫు తీయకుండానే, కనుబొమ్మ చెడగొట్టుకున్నాను, ఎలాగోలా సరిచెయ్యి అన్నాను. మొదటి మాట అదే. నెలకు పైగా ముఖం చూపించనిదాన్ని, పలకరింపు కూడా లేదు.

కస్టమర్ కుర్చీలో కూర్చోబెట్టింది. నేనా కుర్చీలో ఎప్పుడు కూర్చున్నానో గుర్తే లేదు. స్కార్ఫు విప్పింది, దీపం దగ్గరికి లాగింది, తడి దూదితో ముఖమంతా తుడిచింది. గడ్డం పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేలి కొసతో కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టినట్టు తడిమింది. అంత పాడైందా అనుకున్నాను.

"ఏదీ, కనుబొమ్మలు పైకెత్తు" అంది.

"ఎత్తేదేముంది, అదే పైనుంది కదా."

"ఎత్తవే బాబూ. మీ చెల్లికి కవలలు పుట్టారని చెప్పాననుకో."

ఎత్తాను. పెద్దక్క నా నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"నువ్వేం చెడగొట్టలేదే. అది జారిపోయి ఉన్నప్పుడు కొలత తీసుకున్నావు. ఇప్పుడు అది లేచి తన చోటికి తను వచ్చింది."

కుర్చీ పెద్దద్దం వైపు తిప్పింది. ముఖం మొత్తాన్ని ఒక్కసారిగా చూసుకుని ఎన్నాళ్ళైందో. నోటి మూల ఇంకా కిందికే ఉంది. చెంప బద్ధకంగా ఉంది. కానీ మళ్ళీ కనుబొమ్మలెత్తితే నుదుటి మీద ముడతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పడ్డాయి. ఎడమ వైపు కూడా. బతుకంతా ముడతల మీద యుద్ధం చేసినదాన్ని, వాటిని చూసి భోరున ఏడ్చాను. ఏడుస్తుంటే రెండు కళ్ళూ మూసుకున్నాయి. అప్పుడు గానీ కొత్త సబ్బు సంగతి నాకు తట్టలేదు. చెంచా సంగతి కూడా.

పెద్దక్క ఒక పక్క ముక్కు చీదుతూ ఇంకో పక్క తిట్టింది. వెంట్రుకలు మొలిచేదాకా ఆ కనుబొమ్మ జోలికి పోతే వేళ్ళు విరుస్తానంది. మే ఒకటిన వస్తున్నావా అనడిగింది. నోరింకా ఇలాగే ఉందిగా, నా కుర్చీలో ఎవరు కూర్చుంటారు అన్నాను.

"అది నువ్వు కుర్చీ దగ్గర నిలబడితే కదా తెలిసేది" అంది.

ఏప్రిల్ 24

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వర్షంలోనే. నోరు కూడా రావచ్చట, పూర్తిగా రాకపోవచ్చట. చాలామంది, కొందరు అని మళ్ళీ మొదలుపెట్టబోయాడు. నేను కనుబొమ్మలెత్తి చూపించాను.

ఏప్రిల్ 27

చెల్లికి వీడియో కాల్. అది ఫోను ముఖానికి దగ్గరగా లాక్కుని చూసింది. ఆ తర్వాత, ఏంటక్కా ఎడమ కనుబొమ్మ అంత ఘోరంగా పీక్కున్నావు అంది. నోటి సంగతి ఎత్తనే లేదు.

ఏప్రిల్ 30

రేపు వెళ్తాను.

వెళ్తానా?

పెద్ద రొట్టె కాల్చాను, గుడ్డు పూర్తిగా ఒకటి వేసి. బాబాయ్‌కి రేపటి ముక్క ఇవాళే ఇచ్చేశాను. రేపు ఇంట్లో ఉండవా అన్నాడు. పనికి వెళ్తున్నాను బాబాయ్ అన్నాను. ప, బ రెండూ కొంచెం గాలితో వచ్చాయి గానీ వచ్చాయి.

మే 1

కిటికీ పక్కన కుర్చీ తుడిచి, తువ్వాళ్ళు మడిచి, దువ్వెనలు కడిగి నిలబడ్డాను. కొత్తమ్మాయి నాకు దణ్ణం పెట్టినంత పనిచేసి తన సామాను పక్క కుర్చీకి మార్చుకుంది.

మొదటి కస్టమర్ ఎవరో చిన్నమ్మాయి, మొదటిసారి వచ్చింది. నా కుర్చీలో కూర్చుని అద్దంలో నా ముఖం చూసింది. ఏం చేయమంటారని అడిగాను. నా నోటి మూల వైపే చూస్తూ, ఏమీ అనుకోకండి, ఆవిడ చేస్తారా అని కొత్తమ్మాయి వైపు చూపించింది. నేను ముందే అనుకున్న మాటే. ముందే అనుకున్నా దెబ్బ దెబ్బే. ఫర్వాలేదన్నాను, ఆ "ఫ" కూడా సరిగా పలకలేదు. వెనక గదిలోకి వెళ్ళి ఏప్రన్ ముడి విప్పాను. పెద్దక్క వచ్చి అల్మారాలో ఏదో వెతికినట్టు వెతికి, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయింది. కాసేపు ఆ తాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఇంటికి పోతే మళ్ళీ సింకు దగ్గర నిలబడి తినాలి. ఏప్రన్ తిరిగి కట్టుకున్నాను.

మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పాం. రొట్టె కోసి పెట్టాను. సూపు కారింది, తుడుచుకున్నాను, మళ్ళీ కారింది. ఎవరూ మూర్ఛపోలేదు. పొద్దుటి చిన్నమ్మాయిని కొత్తమ్మాయి అచ్చు దించినట్టు అనుకరించి చూపిస్తుంటే నాకు నవ్వొచ్చి ఇంకా కారింది.

మధ్యాహ్నం దాటాక ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. ఎండలో కూడా శాలువా కళ్ళ దాకా చుట్టుకుని ఉంది. తలుపు దగ్గరే ఆగిపోయి పెద్దక్కను చూసింది. కొత్తమ్మాయిని చూసింది. పక్కనే మిగతా ఇద్దర్నీ చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. నా నోటిని చూసింది, సన్నగా పీకిన నా కనుబొమ్మను చూసింది. చాలాసేపే చూసింది. నేను ముఖం తిప్పుకోలేదు. పెద్దక్క కొత్తమ్మాయి కుర్చీ ఖాళీగా ఉందని చూపించింది. ఆవిడ దాన్ని దాటుకుని వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

శాలువా తీసింది. రెండు చెంపలూ కాలిపోయి ఎర్రగా ఉన్నాయి, అక్కడక్కడా తోలు లేచింది.

"మీరైతే నవ్వరనిపించింది" అంది.

"నవ్వినా సగమే వస్తుంది" అన్నాను.

ఆవిడ నవ్వబోయి, చెంపలు మండి, అబ్బా అంది. ఏం రాశారని అడిగాను. నిమ్మరసంలో వంటసోడా కలిపి రాత్రంతా ఉంచుకుందట. అదివరకైతే అక్కడికక్కడే నాలుగు దులిపేదాన్ని. ఇవాళ నేను దాల్చినచెక్క పొడి రాసుకున్నానని చెప్పాను. నిజంగానా అంది. కంట్లో కాఫీ పొడి కూడా పోసుకున్నానన్నాను. భుజాలు కిందికి దించి కుర్చీలో వెనక్కి వాలింది.

చల్లని నీళ్ళలో ముంచిన గుడ్డ పరిచాను. వాసన లేని మామూలు క్రీము వేళ్ళ కొసలతో అంటీ అంటనట్టు రాశాను. ఇంకేమీ పూయలేదు. ఇంట్లో నీళ్ళు తప్ప ఏదీ తగలనివ్వొద్దన్నాను, పొక్కులు లేస్తే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. నా వేళ్ళ కింద ఆవిడ ముఖం నెమ్మదిగా వదులైంది. కళ్ళు మూసుకుంది. చేతులు ఎక్కడికీ పోలేదు.

లేచి శాలువా అందుకుంది, చుట్టుకోకుండా భుజం మీద వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రేపు వస్తే మీరే ఉంటారా?"

"రేపూ ఉంటాను, ఎల్లుండీ ఉంటాను" అన్నాను.